కండలన్నీ నిండాక మిగిలిన పొడి

నా మూత్రపిండాలు బాగున్నాయని ఇవాళ తేలితేనే మోకాలి ఆపరేషన్. లేకపోతే మళ్ళీ ఎప్పటికో! పోయినసారి రక్తంలో క్రియాటినిన్ ఎక్కువ వచ్చిందని డాక్టరు పెదవి విరిచాడు. ల్యాబ్ ఎదుట టీకొట్టు బల్ల మీద నా పక్కన కూర్చున్న దర్జీ, "ఏం తిన్నారేంటి మామ్మగారూ?" అన్నాడు. అడక్కపోయినా చెప్పేదాన్నే.

"మా మనవరాలు బరువులెత్తుతుంది నాయనా. దాని డబ్బాలో తెల్లపొడి ఉంది, క్రియాటిన్ట. అది చెంచాడు తాగి అంతంత ఎత్తుతుంటే నేను చెంచాడుతో ఆగుతానా? చన్నీళ్ళలో ఇసకలా అడుక్కి దిగుతోందని వేడి టీలో గిలక్కొట్టి తాగా. ఆ పూటే బిగుసుకుపోయిన సీసా మూత ఊడదీశా."

"అంతేనా?"

"ఆగవయ్యా! పొడి పేగుల్లోంచి రక్తంలో దిగింది. రక్తం దాన్ని బస్సెక్కించి కండకండకీ తిప్పింది. కండ గుమ్మంలో కాపలావాడున్నాడే, పొడి వెంట ఉప్పు తోడొస్తే గానీ లోపలికి రానివ్వడు. అలా గదులన్నీ నిండాయి. బీరువా ఒంటిచేత్తో ఎత్తి, రెండోచేత్తో దాని కింద ఊడ్చా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాపలావాడు 'ఖాళీ లేదు పొండి' అని తలుపేసేశాడు. నేను పోస్తూనే ఉన్నా! చోటు దొరక్క పొడి జుట్టులోకెక్కింది. నా చేతిలో సంచులుంటే జడే వెళ్ళి గేటు తీసింది."

టీకొట్టావిడ గరిటె ఆపింది. "మరి మిగిలిన పొడీ?"

"ఉన్నదున్నట్టు కొంతా, క్రియాటినిన్‌గా మారి కొంతా, మూత్రపిండాలు బయటికి తోసేశాయే పిల్లా! పరీక్షలో లెక్క పెరిగింది అందుకేనని మా మనవరాలి వాదన. ఆ నీళ్ళు మురుగుకాలవలో కలిశాయా, ఎలుకలకి కండలు తిరిగాయి! మ్యాన్‌హోల్ మూతలెత్తి వీధి పొడుగునా పేర్చాయి. పిల్లులన్నీ పెట్టేబేడా సర్దుకుని ఊరొదిలేశాయి. మొన్న చెత్తలారీ గుంటలో దిగబడితే డ్రైవరు జనాన్ని పిలిచాడనుకున్నావా? ఈలేసి ఎలుకల్ని పిలిచాడు! అవి భుజాలానించి లారీ లేపి, తోకలు దులుపుకుని పోయాయి. ఊరంతటికీ బలం సరఫరా చేసిన మూత్రపిండాలయ్యా ఇవి! డాక్టరు పొడి మానమన్నాడు, మానేశా. వీటికి ఇంకా పరీక్షెందుకో?"

దర్జీ నోట్లోని టీ మింగడం మర్చిపోయాడు.

ల్యాబ్ అమ్మాయి బయటికొచ్చి, నా పక్కనున్న ప్లాస్టిక్ సీసా వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఊరి కాలవలు పొంగించారు సరే మామ్మగారూ, పొద్దున నేనిచ్చిన ఈ సీసాలో చుక్క పడలేదు. డాక్టరుగారు వెళ్ళిపోతున్నారు. ఇందులో కాసిని పొయ్యకపోతే ఆపరేషన్ వాయిదానే."

నా గ్లాసులో టీ గటగటా తాగేశా. దర్జీ తన టీ గ్లాసు కూడా నావైపు జరిపాడు.