కొండమీది రాతి సమాధి తాళంచెవి

అధ్యక్షత వహిస్తున్న ఫాదర్ టాన్సీ గారికి, పురాతన కట్టడాల శాఖ పట్నం కార్యాలయం నుంచి వచ్చిన లాఫ్లిన్ గారికి, ఊరి పెద్దలకు, టీ ఎప్పుడిస్తారా అని చూస్తున్న వెనక బెంచీల మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

ఈ వీడ్కోలు సభలో నన్ను రెండు ముక్కలు చెప్పి కూర్చోమన్నారు. అడిగితే తప్ప మాట్లాడకూడదని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు కాబట్టి నాకూ అదే సుఖం. కానీ ఇవాళ మూడో ముక్క కూడా ఉంది.

మన కొండమీది సమాధి అయిదు వేల ఏళ్లది. దాని ఇనుప తలుపు తాళంచెవి నలభై ఒక్క ఏళ్లుగా డీలియా గిల్మార్టిన్ గారి వంటింట్లో ఉంది. ఎవరొచ్చి అడిగినా ఇచ్చారు. ఎందుకొచ్చారని అడగలేదు. బిడ్డను పోగొట్టుకున్న ఒకావిడ వానలో వచ్చి, ఆ రాళ్ల మధ్య గంటసేపు కూర్చుని, తరవాత ఈవిడ పొయ్యి దగ్గర బూట్లు ఆరబెట్టుకుని వెళ్లిందట. ఆవిడ పేరు ఈవిడకు ఇప్పటికీ తెలియదు.

రెండేళ్ల క్రితం డీలియా గారి మోకాళ్లు పట్టేస్తే కొన్నాళ్లు నేనే తాళం వేసి వచ్చేదాన్ని. లోపలి దారి ఇరుకు, మలుపు తిరుగుతుంది. అందుకని తాళం వేసేముందు వంగి చివరిదాకా వెళ్లి చూడాలి. ఒక సాయంత్రం, ఎవరైనా ఉంటే పలకరించాల్సి వస్తుందని మొహమాటపడి, చప్పుడేమీ లేదు కదా అని తాళం వేసేశాను. లోపల ఫాదర్ గారు కునుకు తీస్తున్నారు. (నవ్వులు) ఆ సాయంత్రం చర్చిలో పూజకు ఊరంతా వచ్చింది, ఫాదర్ గారు తప్ప. తలుపు తీశాక ఆయన, "అయిదు వేల ఏళ్లలో ఇక్కణ్ణించి లేచొచ్చింది నేనొక్కణ్ణేనమ్మా" అన్నారు. డీలియా గారు నవ్వలేదు. "నీ సిగ్గు నీ దగ్గరే ఉంచుకో. తాళం వేసేటప్పుడు మాత్రం గట్టిగా కేకెయ్యి" అన్నారు.

ఇప్పుడు ఆవిడ ఆ పని మానుకుంటున్నారు. ఊళ్లో బాధ్యత తీసుకునేవాళ్లు లేరు కనక తాళంచెవి పట్నం తీసుకువెళతామని, చూడదలచినవారు రెండు వారాల ముందు దరఖాస్తు పెట్టుకోవాలని లాఫ్లిన్ గారు రాశారు. ఆయన తప్పేమీ లేదు. పోయిన ఆదివారం ఎవరు తీసుకుంటారని అడిగితే మనమందరం నేలచూపులు చూశాం. తాళంచెవి ఉన్న ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి మరి. నాకేమో డబ్లిన్ లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది.

రావడం లేదని నిన్న వాళ్లకు రాశాను.

డీలియా గారు తల అడ్డంగా ఊపుతున్నారు. పొద్దున తిట్టారు కూడా. దీన్నెవరూ త్యాగం అనకండి. నాకు పుస్తకాలంటే ఇష్టం, అవి తపాలాలో వస్తాయి. వానలో వచ్చినావిడ మాత్రం రెండు వారాల ముందు దరఖాస్తు పెట్టి ఉండేది కాదు.

లాఫ్లిన్ గారూ, మా ఇల్లు కొండ కిందే. మా అమ్మ ఒప్పుకుంది. మీ సంచిలో పెట్టుకున్న తాళంచెవి దయచేసి ఈ బల్లమీద పెట్టండి. నేను నిలబడే ఉంటాను.

(లాఫ్లిన్ గారు సంచి తెరిచి తాళంచెవి బల్లమీద పెట్టారు. చప్పట్లు)

కృతజ్ఞతలండీ. డీలియా గారూ, తాళం వేసేముందు గట్టిగా కేకేస్తాను. కొండ దగ్గర ఇద్దరు ఎదురుచూస్తున్నారని ఇప్పుడే కబురొచ్చింది. మీరంతా టీ తాగండి, నేను వెళ్లి తలుపు తీయాలి. సెలవు.