పాట మధ్యలో పేరు

కొలంబియాలో ఒక పల్లె ఉత్సవం. వేదిక మీద అకార్డియన్ సరిచూసుకుంటున్నారు. వెనక బెంచీ మీద వదినా, మరిదీ.

"అన్నయ్య ఈ పాటగాణ్ణి మొదట ఎక్కడ చూశాడు వదినా?"

"కోడిపందేల బరి దగ్గర. పెళ్లయ్యాక ఈయన ఏ ఊళ్లో పాడినా మీ అన్న నన్నూ గాడిదెక్కించి తీసుకుపోయేవాడు."

"పాట మధ్యలో అభిమానుల పేర్లు పిలుస్తాడుగా ఈయన, ఎప్పటికైనా తన పేరూ పిలుస్తాడని."

"ఏళ్ల తరబడి అదే ఆశ, పిచ్చోడికి."

"పోయినేడు పిలిచాడుగా. 'మా ఎవెలియోకి దండాలు' అని."

"పిలిచాడు. మీ అన్న టోపీ ఊపుతూ లేచి నిలబడ్డాడు. పొలం వదలనన్నాడని వెతుకుతున్న తుపాకులోళ్లకి అప్పటిదాకా పేరే తెలుసు, మొహం తెలీదు."



"ఈయన కబురంపాడు వదినా. ఇవాళ అన్నయ్య పేరు పిలవనా అని."

"పిలవమను. ఈసారి లేచి నిలబడడుగా."