ఉత్తరపు గోడ కిటికీ

ఏ కిటికీ? మీ ఆఫీసులో ఉత్తరపు గోడకున్నదా? అయ్యో పిచ్చిదానా, దాన్ని మూయించి అల్మరాలు పెడతారా! డిజైన్ల కంపెనీ అంటావు, గోడకి అంత పెద్ద కిటికీ ఎందుకుందని ఒక్కరూ అడగలేదూ? కూర్చోవే, మీ మీటింగు ఎక్కడికీ పోదు. మీరిప్పుడు కంప్యూటర్లు పెట్టుకున్న హాలు అప్పట్లో మా చొక్కాల కంపెనీ. నా మిషను మెట్ల పక్కన, ఎదురుగా కటింగ్ మాస్టారి బల్ల. నేను బాబాయ్ అనేదాన్ని. చుట్టమేం కాదు, పిలుపే. మహా చాదస్తం మనిషి. కత్తెర ముట్టుకుంటే చాలు, "దీంతో కాగితం కోశావా? నిజం చెప్పు!" అని ప్రాణం తీసేవాడు. కానీ ఆయన కోసిన మెడ ఒక్కటీ తేడా రాలేదు. మీ తాతయ్య పెళ్లిచొక్కా కూడా... సరే, అది వేరే కథ.

ఒకరోజు నలభై చొక్కాలకి గుడ్డ కోసిచ్చాడు. చేతులు అతుకుదామని చూద్దును కదా, ఎనభై చేతులూ ఎడమవే! గుడ్డ మీద కొలతకి పెట్టుకునే అట్టముక్కని రెండో చేతికి తిరగేసి పెట్టాలి. తిరగేశాడో లేదో చూసుకోడానికి ఆయనకి కళ్లుంటేగా. ఓనరు ఊరుకుంటాడా? "ఇదేంటి మాస్టారూ, రెండూ ఎడమ చేతులున్న మనుషులు ఎక్కడైనా ఉన్నారా?" అన్నాడు. "వెలుతురు చాలట్లేదండీ" అనేశాడు బాబాయ్. తర్వాత నన్ను మెట్ల కిందికి పిలిచాడు. "అమ్మాయ్, నాకు చూపు పోతోందే. ఎవరితోనూ అనకు. ఈ బల్ల లేకపోతే నేనేమైపోను?" అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. ఆ రోజు నుంచి అదే మా ఏర్పాటు. అట్ట సరిగ్గా పడితే నేను ఒకసారి దగ్గాలి, తప్పితే రెండుసార్లు. కొలతలకి బల్లంచున కత్తితో గాట్లు పెట్టుకున్నాడు, వేలితో తడుముకునేవాడు. నాలుగు నెలలు నెట్టుకొచ్చాం. పాపం ఈ పిల్లకి దగ్గు తగ్గట్లేదని అందరూ నాకు మందులు చెప్పేవాళ్లు! నవ్వకు, నిజంగానే.

ఓనరు మంచివాడేనే. మూడురోజులు సెలవిచ్చి, ఎవరికీ చెప్పకుండా గోడ పగలగొట్టించి ఆ కిటికీ పెట్టించాడు. ఎవరికోసం? బాబాయ్ కోసమే. మేం లోపలికి వెళ్లేసరికి హాలంతా వెలుగు, మిషన్ల మీద దుమ్ము కూడా కనబడుతోంది. "ఎలా ఉంది మాస్టారూ మీ కిటికీ?" అన్నాడు ఓనరు, మొహం చాటంత చేసుకుని. ఆపాటికి బాబాయ్‌కి ఆ కాస్త చూపూ పోయింది. "ఆహా, ఎంత బావుందండీ! భలే పెట్టించారు" అన్నాడు, మెట్ల వైపు గోడకేసి తిరిగి. ఎవరూ నవ్వలేదు. ఓనరు దగ్గరికెళ్లి, ఆయన చేతిలో కత్తెర మెల్లగా తీసుకున్నాడు. "ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి మాస్టారూ, మిమ్మల్ని నేను చూసుకుంటాను" అన్నాడు. తిట్టినా బావుండేది. బాబాయ్ బల్లంచు ఒకసారి తడిమి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

నేనా? నేను ఆ కిటికీ పక్కనే ఉన్నానే. రెండుసార్లు దగ్గి ఉంటే, తప్పని తెలిసి ఇటు తిరిగేవాడు. అంత వెలుతురు ఎన్నడూ చూళ్లేదు, నేనూ అటే చూస్తూ ఉండిపోయాను.

ఆ గ్లాసు ఇటివ్వు, కడిగి పెడతాను.