అడవిపిల్లి కంట్లో వెలుగు

బోయిన్‌పల్లిలో చిన్న పెళ్లిఫోటోల స్టూడియో. ఇంకా షట్టర్ సగమే ఎత్తారు. లోపల కంప్యూటర్ ముందు తండ్రీ కూతురూ ఉన్నారు.

"డాడీ, నా అడవిపిల్లి ఫోటోను ఏం చేసినవ్?"

"సాఫ్ చేసిన బిడ్డా. మొత్తం ఇసుక చల్లినట్టుండె. కండ్లల్ల వెలుగు చుక్కలు సుత పెట్టిన."

"పెళ్లికూతుళ్లకు పెట్టినట్టా?"

"మరి? చుక్క లేకుంటే కండ్లు చచ్చినట్టుంటయి."

"అప్పటికింకా తెల్లారలేదు డాడీ. ఫ్లాష్ కొడితే బెదురుతదని అట్లనే తీసిన. లేని వెలుగు కండ్లల్లకు ఎట్లొస్తది?"

"చూసేటోళ్లకు మంచిగుండాలె గదా."

"చూసేటోళ్లు అడవి జంతువుల సర్వేవాళ్లు. దరఖాస్తుతోని పంపే ఫోటోల ఏం కలిపినా పక్కన పెడ్తరు, నౌకరీ ఇయ్యరు. పంపనీకి ఇయ్యాల్నే ఆఖరు."

"డిగ్రీ చేసి పిల్లుల ఎనక తిరిగే నౌకరేంది? మన గల్లీల నాలుగున్నయి."

"అసలుది ఉంచినవా, తీసేసినవా?"

"పెళ్లికూతుళ్లవే ఏండ్లకొద్దీ ఉంచుత. నీది తీసేస్తనా? ఇగో."

"హమ్మయ్య."

"గీ మసకల పిల్లి యాడున్నదే? వెలుగు పెంచినంకనే నాకు కండ్లు దొరికినయి, ఇట్లయితే గడ్డే కనబడ్తున్నది."

"నాకూ ముందు కనబడలే. చెవి కదిపింది, గప్పుడు చూసిన. ఇగో, ఈ పక్క."

తండ్రి కళ్లద్దాలు తుడుచుకుని తెర దగ్గరికి వంగాడు.

"ఓర్నీ, నన్నే చూస్తున్నది."

"చుక్కలు లేకుండనే చూస్తున్నది డాడీ."

"సరే, గిదే పంపు. కింద మన స్టూడియో పేరు మాత్రం రాయకు. గిరాకీ పోతది."