మిషన్ కలపని జోడీ

మా అమ్మాయి నిన్న సాయంత్రం నన్ను తన జట్టులోకి పిలిచింది! ముందు ఈ మాట చెప్పేస్తే గానీ నాకు ఊపిరాడదు, మన్నించాలి. ఇప్పుడు వరసగా నమస్కారాలు. అధ్యక్షులైన డిపో మేనేజరు గారికి, నా కంటే ముందే రిటైరై బస్సు దిగిపోయిన పెద్దలకు, గ్యారేజీ మిత్రులకు, ఇన్నేళ్లూ నా వెనక నిలబడి గంట కొట్టిన మా కండక్టరు 'విజిల్' తమ్ముడికి, ఎవరిని ఎవరితో పంపాలో తేల్చే డ్యూటీ గుమాస్తా గారికి, అందరికీ వందనాలు.

ఏం జట్టని ముందు వరసలో అడుగుతున్నారు. తుపాకుల ఆటండీ, ఫోన్లో ఆడతారు. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు, ఒకరి మొహం ఒకరికి తెలియదు, మైకులో మాటలు మాత్రం వినబడతాయి. ఎవరిని ఎవరి పక్కన వేయాలో మిషనే చూసుకుంటుంది. అంటే అక్కడా ఒక డ్యూటీ గుమాస్తా ఉన్నాడన్నమాట. (నవ్వులు) మన గుమాస్తా గారైతే కాళ్లావేళ్లా పడితే మార్చి వేస్తారు. ఆ మిషన్‌కు ఎవరి మొర వినబడుతుంది?

వాళ్లమ్మ పోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరం. అమ్మాయి పగలంతా గదిలో కూర్చుని ఆఫీసు పని చేస్తుంది, పనయ్యాక అదే కుర్చీలో ఆట. నాతో "తిన్నావా నాన్నా", "తిన్నానమ్మా", అంతే. తలుపు అవతల మాత్రం గొంతు చించుకుంటుంది. "ఒరేయ్, వెనక చూడరా! నన్నొదిలేసి ఎక్కడికి పరిగెడుతున్నావ్? ఒక్కడైనా తోడు రారేంట్రా!" నేను వంటింట్లో గిన్నెలు తోముకుంటూ వినేవాణ్ని. ఆ మాట నన్నంటే వచ్చేవాణ్ని కదా అనుకునేవాణ్ని.

అందుకని విజిల్ తమ్ముడి చేత నా ఫోన్లోనూ ఆ ఆట వేయించుకున్నాను. మన డిపోలో ఓపిక పడితే ఎప్పటికో అప్పటికి కావలసిన మనిషితో జోడీ పడుతుంది కదా, అక్కడా అంతే అనుకున్నాను. డ్యూటీ దిగి వచ్చి, అమ్మాయి తలుపు వేసుకోగానే వంటింట్లో స్టూలు మీద కూర్చోవడం, జట్టు పడగానే ఆ పేర్లలో మా అమ్మాయి పెట్టుకున్న పేరు వెతుక్కోవడం. ఎప్పుడూ ఉండేది కాదు.

ఎలాంటివాళ్లతో పడ్డానంటారు! ఒకడు ఆట మొదలవగానే మాయం, నడిరోడ్డు మీద బండి వదిలేసి డ్రైవరు దిగిపోయినట్టు. ఒకడు నేను దెబ్బ తిని పడిపోయి "లేపండి బాబూ" అంటుంటే నా మీంచి దూకి వెళ్లిపోయాడు. ఇంకొకడు "తాతా, ఫోన్ మనవడికిచ్చి పడుకో" అన్నాడు. "మనవడు లేడు నాయనా, కూతురి కోసం చూస్తున్నా" అన్నాను. మైకు కట్టేసుకున్నాడు. పైగా అవతల ఎవరున్నా నా కంటికి ఆరితేరినవాళ్లే. స్టీరింగు పట్టడం రానివాణ్ని ఘాట్ రోడ్డు ఎక్కిస్తే ఎలాగండీ?

తిట్లకు నేను బాధపడలేదు. ఆట అవగానే అందరూ ఒక్కసారిగా పోతారు, వెళ్లొస్తామని ఒక్కరూ అనరు. మన బస్సులో దారంతా నిద్రపోయినవాడైనా దిగేటప్పుడు తల ఊపుతాడు. రేపటి నుంచి నాకు డ్యూటీ లేదు కదా. ఆ తలుపుకు ఇవతల పగలంతా ఎలా కూర్చోవాలా అని, విరమణ దగ్గరపడే కొద్దీ నాకు అదొక్కటే భయం.

నిన్న లోపల అమ్మాయి అరుస్తోంది, "మళ్లీ ఒకడు పోయాడు! అందరూ నాకే దొరుకుతారు!" అని. ఉండబట్టలేక వంటింట్లోంచి నేనూ, "నా దగ్గర ఇద్దరు పోయారమ్మా!" అన్నాను.

తలుపు తెరుచుకుంది. "ఎక్కడ పోయారు నాన్నా?"

ఫోన్ చూపించాను. చూసి చూసి, గుమ్మంలోనే చతికిలబడి నవ్వింది.

"ఎప్పట్నుంచి ఈ పని?"

"వానాకాలం నుంచి."

"నాకు చెప్పలేదేం?"

"ఎప్పటికైనా మిషనే నీతో వేస్తుందని..."

"అదెందుకు వేస్తుంది నాన్నా! నువ్వు అడుగు మెట్టు మీద ఉన్నావు, నేను పై మెట్టు మీద. అది ఒకే మెట్టు మీదవాళ్లనే కలుపుతుంది, నూరేళ్లు కూర్చున్నా మనల్ని కలపదు. పేరు కొట్టి మనమే పిలవాలి."

పిలిచింది. తొందరలో నా వేలు 'రాను' అన్న మీట మీద పడింది. (నవ్వులు) మళ్లీ పిలిచింది.

ఘోరంగా ఓడిపోయాం! అంతా నావల్లే. ఒకడు "ఈ ముసలాణ్ని ఎవరు తెచ్చారు?" అన్నాడు. "నేనే తెచ్చాను, మా నాన్న. ఇష్టముంటే ఆడు, లేదంటే దిగు" అంది మా అమ్మాయి. వాడు దిగాడు. ఆమె నా పక్కనే నిలబడి, "నా వెనకే రా నాన్నా, ఒక్కడివే వెళ్లకు" అంది.

మీరిచ్చిన గోడగడియారానికి, నా గురించి చెప్పిన మంచి మాటలకు, నా సణుగుడు భరించిన మీ ఓపికకు కృతజ్ఞతలు. ఇవాళ కూడా పిలుస్తావా అని అమ్మాయిని ఇంకా అడగలేదు. అడగాలంటే ఇల్లు చేరాలి, అందుకే తొందరగా సెలవు ఇప్పించండి.

మా వాళ్లెవరైనా మీ బస్సు ఎక్కితే ఈ కబురు చెప్పండి. మా పెద్దక్కకు చెవులు వినబడవు, గట్టిగా చెప్పాలి. పిల్ల గోడలతో మాట్లాడుతోందన్న మా బావమరిదికి రెండుసార్లు చెప్పాలి. మా తోడల్లుడికి, మా పిన్ని కొడుక్కి, పెళ్లెప్పుడని తప్ప ఇంకేమీ అడగని అమ్మాయి మేనత్తకు చెప్పాలి. అందరికంటే ముందు మా అత్తగారికి. కూతురు పోయాక, "ఆ ఇంట్లో మాటే వినబడదు, నేను రాలేను" అని మా గడప తొక్కడం మానేసిందావిడ. మాట వినబడుతోంది, రమ్మన్నానని చెప్పండి.