ఆమెన్ అన్నవాళ్లు

అమెరికాలోని క్యారీ ఊళ్లో తెలుగు చర్చి ముందు కారు ఆగింది. ఆరాధన మొదలవబోతున్నా అతను స్టీరింగ్ వదలకుండా, పక్కనున్న భార్య వైపు తిరిగాడు. లోపల అందరూ జాలిగా చూస్తారని అతని భయం.

"నా జాబ్ పోయిందని చర్చి వాట్సాప్ గ్రూపులో ప్రేయర్ రిక్వెస్ట్ పెట్టేశావా? పరువు తీశావు, నవోమీ!"

"వీసా గడువు అయిపోయేదాకా దాచుకుందామా? ఎంతమంది ఆమెన్ అన్నారో చూడండి."

"ఆమెన్‌లతో ఇంటర్వ్యూలు వస్తాయా?"

"అది చూసి మన చర్చి జూడ్ అన్నయ్య ఫోన్ చేశాడు. ఆయన జాబ్ కూడా పోయిందట."

"జూడ్‌కా? మొన్న నాతో ఆఫీస్ కబుర్లు చెప్పాడే!"

"మీరూ అలాగే చెప్పలేదూ? మన చర్చిలోనే క్రిస్టీ జాబ్ కూడా పోయిందట. సాయంత్రం ఇద్దర్నీ మనింటికి రమ్మన్నాను. ఒకరినొకరు ఇంటర్వ్యూ చేసుకుని ప్రాక్టీస్ చేయండి."

అతను పెద్దగా నవ్వి కారు తలుపు తీశాడు.

"పద. ఆరాధనలో అందరూ సాక్ష్యాలు చెప్పేటప్పుడు నేనే మైకు తీసుకుని, జాబ్ పోయినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని అడుగుతాను. మనింట్లో కుర్చీలు సరిపోతాయా?"