బర్రె కడుపుకి తోడు

నాంచారమ్మ బర్రె నెమరెయ్యటం మానేసిందంట. ఏమైందంటే, కట్టుతాడు తెంపుకుని కళ్లంలోకి పొయ్యి, ఆరబోసిన జొన్నలు పొట్ట పగిలేట్టు మెక్కింది. ఎవురూ చూళ్లా. పొద్దున చూస్తే ఎడం డొక్క రాయిలాగా ఉబ్బి, పడుకుని మూలగతా ఉంది. నాంచారమ్మ మస్తాను తాతని పిలిపించిందంట. ఆయన పశువులకి మందిచ్చే మనిషిలే, చుట్టుపక్కల మూడూళ్లకీ ఆయనే. వంటసోడా నీళ్లు గొట్టంతో పోశాడు, డొక్క పిసికాడు. ఉబ్బు దిగింది గానీ, రెండ్రోజులైనా బర్రె గడ్డిపోచ ముట్టదు, దవడ కదపదు. నాంచారమ్మ మొగుడు బేల్దారి పనికి పొయ్యి నెలకోసారి వచ్చేవాడు. ఆ బర్రె పాలతోనే ఇద్దరాడపిల్లల్ని సాకతా ఉంది. దాని మెడ కావిలించుకుని, "తల్లీ, ఒక్కసారి నమలవే, ఒక్కసారి" అని ఏడ్చిందంట పాపం.

అప్పుడు మస్తాను తాత ఏమన్నాడంటే, పశువు మనలాగా నమిలి మింగదమ్మాయ్, గబగబా మింగి పెద్దపొట్టలో పడేసుకుంటది, అక్కడ నాని పులిసినాక ముద్దముద్దగా నోట్లోకి తెచ్చుకుని తీరిగ్గా నములుద్ది అన్నాడు. "దీని పొట్టలో ఆ పులుపు చచ్చిపోయింది. పాలు తోడుకోవాలంటే మజ్జిగచుక్క పడాలా వద్దా? ఇదీ అట్టాగే. నెమరేసే ఆవు నోట్లో ముద్ద తెచ్చి దీనికి తాపాల." మీరు మొహాలు చిట్లించబాకండి, పాతోళ్ల వైద్యం అట్టాగే ఉంటది.

ఆవు ఎవురికుందీ? గోడవతల పేరమ్మకి. పేరమ్మంటే ఎవురనుకున్నారు, నాంచారమ్మకి తోడికోడలే, పెద్దామె. వేరుపడ్డ నాడు "నీ చేతిలో పాడి నిలవదే" అని నోరు జారింది. ఆనాటినించీ మూడేళ్లు, ఇద్దరికీ మాటల్లేవు. నాంచారమ్మ ఆ గుమ్మం దాకా పొయ్యి ఎనక్కొచ్చిందంట, మళ్లీ పొయ్యిందంట, మళ్లీ ఎనక్కొచ్చిందంట. మూడోసారి లోపలికే పొయ్యి, తలొంచుకుని, "అక్కా, నీ ఆవు నెమరు ఒక ముద్ద కావాల" అన్నది. పేరమ్మ చెరిగే చేట కింద పెట్టింది. "దాని నోట్లో నువ్వు చెయ్యి పెడితే వేళ్లు కొరికేసుద్ది" అన్నది. సరేలే అని ఈమె తిరిగి పోబోతే, "ఎక్కడికే? గిన్నె పట్టుకో" అని కొంగు దోపిందంట. మద్దేన్నం, ఆవు పాక నీడన పడుకుని నెమరేస్తా ఉంది. పేరమ్మ దాని గంగడోలు నిమురుతా, గొంతులో ఉండ పైకెక్కేదాకా చూసి, దవడ పక్కన చెయ్యి దూర్చి పచ్చటి ముద్ద లాగింది. ఒకటి కాదు, నాలుగు. పళ్లు గీరుకుని చేతికి నెత్తురొచ్చినా ఆపలా.

ఆ ముద్దలు గోరెచ్చటి నీళ్లలో పిసికి, గొట్టంతో బర్రెకి పోశారు. మర్నాడు పొద్దు వాలేటప్పటికి దాని గొంతు కింద ఉండ కదిలింది. దవడ మెల్లిగా పక్కకి జరిగింది. ఒకసారి, రెండుసార్లు. నాంచారమ్మ ఊపిరి బిగబట్టి చూస్తా ఉంటే, పక్కనే పేరమ్మ నిలబడి, "నేనారోజు అట్టా అని ఉండకూడదే" అన్నదంట, బర్రెనే చూస్తా. నాంచారమ్మ, "చేతికి పసుపు పెట్టుకున్నావా అక్కా?" అన్నది.

ఆ బర్రె ఇంకో మూడు ఈతలు ఈనిందనుకోండి. మరి వాళ్లిద్దరూ మళ్లీ పోట్లాడుకోలేదా అంటే, ఎందుకు పోట్లాడుకోరూ, తోడికోడళ్లాయె! మాటలు మాత్రం మానుకోలా. ఎంగిలి ఎంగిలి అంటారు గానీ, ఆ నోరులేనిదాన్ని బతికించింది ఎంగిలే. ఇదంతా మా ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో. ఊకొడతాడు, బాగుందంటాడు, నేను తాగిన గలాసులో మాత్రం నీళ్లు తాగడు.